పదకొండు నిమిషాల దూరం

టౌన్‌హాలు మేడమీద రెండో నంబరు గది.
రేడియేటరు ఒకవైపే వేడెక్కుతుంది,
ప్రజలకు వేసిన కుర్చీలు ఎప్పుడూ చలివైపే.
ఆరోగ్య సేవల పరిశీలక సంఘం, ఆరో అంశం:
హాథర్‌క్లఫ్ కొండమీది సర్జరీని
కింద బైపాస్ పక్కన, టైల్స్ గోదాము వెనక్కి
మార్చుట గురించి.
(మా ఊళ్లో డాక్టరు కూర్చునే చోటుని సర్జరీ అంటారు,
కత్తులేమీ ఉండవు.)
నేను గుమాస్తాను. మినిట్స్ రాస్తాను.
పందొమ్మిదేళ్లుగా ఈ గదిలో
నా గొంతు ఎవరూ వినలేదు.

ట్రస్టు తరఫున వచ్చినాయన ఫెన్విక్.
తెరమీద బొమ్మలు బాగున్నాయి:
గాజు తలుపులు, లిఫ్టు, నలభై కార్లకు చోటు,
గున్న చెట్ల పక్కన నడుస్తున్న మనుషులు,
ఒక్కరి చేతిలోనూ కర్ర లేదు.
పాత మేడకు మెట్లెక్కువ, గోడలకు చెమ్మ. నిజమే.
మా అమ్మని రక్తపరీక్షకి తీసుకెళ్లినప్పుడల్లా
ఆ వాసన కోటు పట్టుకొని ఇంటిదాకా వచ్చేది.
"అక్కణ్ణుంచి ఇక్కడికి
నడక పదకొండు నిమిషాలు," అన్నాడాయన.
రాశాను. పదకొండు.

కౌన్సిలర్ ఓల్డ్‌రాయిడ్ కళ్లజోడు తీశాడు.
బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి,
అద్దంలో చూసుకున్న అలవాటు పోక
నోరు తెరిచే ముందు ఒకసారి వెనక్కి చూస్తాడు.
"ఎవరు నడిచారండీ, ఆ పదకొండు?"

ఫెన్విక్ కాగితాలు తిరగేశాడు.
మ్యాపు నడిచింది. కంప్యూటరు నడిచింది.
మోకాళ్లున్నవాళ్లు ఎవరూ నడవలేదు.

చలివైపు కుర్చీలోంచి లేచింది
ఎనిడ్ థ్వైట్, ఎనభై మూడు.
మందుల చీటీ వెనక పెన్సిలు రాత,
కూరల పద్దు చదివినట్టు చదివింది:

"మంగళవారం. వాన లేదు.
తొమ్మిదింబావుకి సర్జరీ మెట్టు దిగాను.
పాత చర్చి గోడమీద కూర్చున్నాను, నాలుగు నిమిషాలు.
చేపల కొట్టు ముందు నిలబడ్డాను, ఊపిరి కోసం.
వాలు సందులో పట్టుకోడానికేమీ లేదు,
ఎవరిదో చెత్తడబ్బా పట్టుకున్నాను.
బైపాస్ దగ్గర ఆకుపచ్చ మనిషి వెలిగాడు,
నేను సగం దాటేసరికి ఎర్రబడ్డాడు.
లారీ అబ్బాయి మంచివాడు, ఆగాడు.
మీ కొత్త చోటుకి చేరాను. ఇంకా ఏం లేదక్కడ, కంచె తప్ప.
కంచె పట్టుకొని టైము చూశాను.
నలభై ఏడు.
అది దిగడం.
ఎక్కడం సంగతి అడక్కండి, టాక్సీ పిలిచాను,
ఏడు పౌండ్లు."

అధ్యక్షురాలు మెల్లగా చెప్పింది, తప్పు ఆమెది కాదు:
ఈ సంఘానికి అడిగే నోరుంది, ఆపే చెయ్యి లేదు.
ఉత్తరం రాయొచ్చు. వివరణ కోరొచ్చు.
ఆర్నెల్ల తరవాత మళ్లీ రమ్మనొచ్చు.
"అరవైమూడో నంబరు బస్సుని అటు తిప్పమనండి,
గోదాము వెనక తిరిగే చోటుంది,
నేను తిప్పాను," అన్నాడు ఓల్డ్‌రాయిడ్.
ఏడు చేతులు లేచాయి. ఒకాయన
టీ కప్పున్న చెయ్యే లేపాడు, లెక్కేశాను.

'గమనించడమైనది.'
నాకు నేర్పిన మాట అది.
పందొమ్మిదేళ్లలో దాని కిందికి
ఎంతమంది ఊపిరిని తోసేశానో నాకే తెలీదు,
అడుగులేని బీరువా అది.

శనివారం నేనూ నడిచాను. వయసు నలభై ఆరు,
బూట్లు మంచివి. పదహారు నిమిషాలు పట్టింది.
చర్చి గోడమీద కూర్చోలేదు గానీ
చెయ్యి వేశాను,
ఒకచోట రాయి నున్నగా అరిగి ఉంది.

ఆదివారం రాత్రి మినిట్స్ పూర్తిచేశాను.
గోడ రాశాను, చేపల కొట్టు, చెత్తడబ్బా,
ఆగిన లారీ, నలభై ఏడు.
టాక్సీ ఛార్జీ కూడా.
చిత్తుప్రతి అధ్యక్షురాలి దగ్గర్నుంచి తిరిగొచ్చింది.
అంచున ఆమె రాత: "ఇంత వివరం అవసరమా?"
దానిమీద అదే ఇంకుతో
ఒక అడ్డగీత.